శాంతి చెప్పుకునే వేళ అన్నయ్య మొహం తిప్పుకుంటాడు

ఈ నెల నాకొచ్చిన ఉత్తరాల్లో పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అత్తాకోడళ్ళ సంగతులు బాగా తగ్గిపోయి ఎక్కువ రాజకీయాల మీదే వచ్చాయి. రాజకీయాలంటే ఎవరు గెలుస్తారు అని కాదు, పార్టీల వల్ల ఇంట్లో, గుడిలో, మనసులో పడ్డ చీలిక గురించి. అందుకే ఈసారి మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, పార్టీల పేర్లు తీసేశాను, ఎవరి ఉత్తరం వాళ్ళు గుర్తుపడతారు.

ప్రశ్న: టీచరమ్మ గారికి వందనాలు. మాది పల్నాడు వైపు పల్లెటూరు, తాతల కాలం నుంచి ఆర్సీఎం, అంటే రోమన్ కతోలిక్ వాళ్ళం. మేం ఇద్దరం అన్నదమ్ములం, నాన్న పోయాక అన్నయ్యే నన్ను చదివించాడు, పెళ్ళి చేశాడు. 2024 ఎలక్షన్లలో అన్నయ్య ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు, నేను రెండో పార్టీకి వేశా, ఎవరికీ చెప్పలేదు కానీ మా ఊళ్ళో ఏదీ దాగదు కదా. మే 13 సోమవారం, ఫాతిమా మాత పండగ రోజే పోలింగు, పొద్దున్నే గుడిలో కలిసి జపమాల చెప్పుకున్నాం, సాయంత్రానికి మాటలు ఆగిపోయాయి. క్రైస్తవుడివై ఉండి వాళ్ళకి వేస్తావా, నీకు మనస్సాక్షి లేదా అన్నాడు. నేను నా మనస్సాక్షి ప్రకారమే వేశానండీ, రోడ్డు, నీళ్ళు, పిల్లల ఉద్యోగాలు అన్నీ ఆలోచించే వేశా. ఇప్పటికీ ఆదివారం పూజలో శాంతి చెప్పుకునే వేళ నేను చేతులు జోడిస్తే అన్నయ్య మొహం అటు తిప్పుకుంటాడు. తర్వాత ఇద్దరం వెళ్ళి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ గారు ఇచ్చే దివ్య అప్పం తీసుకుంటాం. నాకు గొంతు దిగదు. అసలు మనస్సాక్షి అంటే ఏంటండీ, నాకు అనిపించిందే మనస్సాక్షా? అయితే అన్నయ్యకి అనిపించింది కూడా మనస్సాక్షే కదా, మరి దేవుడు ఇద్దరికీ రెండు రకాలుగా చెప్తాడా?

జవాబు: బాబూ, నీ ఉత్తరం చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 40 ఏళ్ళు సత్యోపదేశం, అంటే మన మత బోధన క్లాసులు చెప్పినదాన్ని, ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు.

1965లో రెండో వాటికన్ మహాసభ, అంటే కతోలిక బిషప్పులందరూ కూర్చున్న సభ, మనస్సాక్షి గురించి చెప్పిన మాట ఒకటుంది. మనిషి లోపల అన్నిటికంటే రహస్యమైన చోటు, గర్భగుడి లాంటిది, అక్కడ మనిషి దేవుడితో ఒంటరిగా ఉంటాడు, ఆయన స్వరం అక్కడ వినిపిస్తుంది అని. ఒంటరిగా అన్న మాట చూడు. అక్కడికి అన్నయ్య రాలేడు, ఫాదర్ గారు రాలేరు, పార్టీ వాళ్ళు అసలే రాలేరు. అలాగని అక్కడ వినపడేదల్లా దేవుడి మాటే అనుకోకూడదు, ఎందుకంటే మనం ఆ గదిలోకి చెవుల్లో టీవీ డిబేట్లు, వాట్సాప్ గ్రూపులు, పాత పగలు అన్నీ మోసుకునే వెళ్తాం. సత్యోపదేశ గ్రంథం కూడా రెండూ చెప్పింది, నిశ్చయంగా తెలిసిన మనస్సాక్షి తీర్పుకి మనిషి లోబడాల్సిందే, కానీ ఆ మనస్సాక్షి పొరపడొచ్చు కూడా, నిజం ఏంటో తెలుసుకోవడానికి మనిషి ఒళ్ళు వంచకపోతే ఆ పొరపాటు తప్పు అతనిదే అవుతుంది. కాబట్టి నాకు అనిపించిందే మనస్సాక్షా అంటే కాదు. అనిపించింది మొదలు మాత్రమే, దాన్ని దేవుడి ముందు పెట్టి, తెలిసినవాళ్ళని అడిగి, అవతలివాళ్ళ మాట కూడా విని, అప్పటికీ నిలబడితే అప్పుడు అది మనస్సాక్షి తీర్పు. నేను నన్ను చూసుకునే గుర్తు ఒకటుంది, ఆ స్వరం ఎప్పుడైనా నన్ను కూడా తప్పుపట్టిందా లేదా అని. నాలుగు నెలలుగా అవతలి పార్టీ వాళ్ళనే తిడుతూ నన్ను ఒక్క మాట అనకపోతే, నేను వింటున్నది వేరే ఏదో అని అనుమానపడతాను.

ఇక దేవుడు ఇద్దరికీ రెండు చెప్తాడా అన్నదానికి వస్తా. మనిషిని చంపడం, అబద్ధపు సాక్ష్యం చెప్పడం, పేదవాడి కూలి ఎగ్గొట్టడం ఇవి తప్పా కాదా అన్న దగ్గర రెండు మాటలు లేవు. కానీ ఏ పార్టీ వస్తే మీ ఊరికి నీళ్ళు వస్తాయి, ఎవరొస్తే చర్చిల జోలికి ఎవరూ రాకుండా ఉంటారు, ఇవి రేపటి గురించి మనం వేసే అంచనాలు. ఒకే గుడిలో ఒకే సువార్త విన్న ఇద్దరు నిజాయితీగానే రెండు అంచనాలకి రావచ్చు, అది పాపం కాదు. నువ్వు నీళ్ళు, ఉద్యోగాలు చూశావు. మీ అన్నయ్య ఏం చూశాడో ఎప్పుడైనా అడిగావా? 2023లో మణిపూర్‌లో కాలిపోయిన చర్చిల వీడియోలు మన పల్లెల్లో ప్రతి ఫోన్లోకీ వచ్చాయి, మా వీధిలో ఒక ముసలమ్మ అవి చూసి మన గుడి కూడా తగలబెడతారా అని మూడు రోజులు నిద్రపోలేదు. ఆ భయంతో వేసిన ఓటు కూడా ఓటే. అన్నయ్యకి అది పార్టీ పిచ్చి మాత్రమే అయితే నాకు తెలీదు, కానీ భయం అయితే మాత్రం నీకు మనస్సాక్షి లేదా అన్న మాట వెనక ఆయన అడిగింది వేరు, నన్ను ఒంటరివాణ్ణి చేస్తున్నావేంట్రా అని.

ఇక్కడ ఆస్ట్రియా దేశపు రైతు ఒకాయన గురించి చెప్పాలి, ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్. సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న పల్లె, ఇంట్లో భార్య, ముగ్గురు ఆడపిల్లలు, ఊరి గుడిలో పూజకి అన్నీ సర్దిపెట్టే పని కూడా ఆయనే చేసేవాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకుని ఒప్పుకుంటారా లేదా అని ఓటు పెడితే ఊరంతా ఒప్పుకుంటాం అని వేసింది, ఈయనొక్కడే వద్దని వేశాడు, ఆ ఒక్క ఓటుని కూడా అధికారులు లెక్కలోకి రానీకుండా నూటికి నూరు అని రాసేసుకున్నారు. 1943లో సైన్యంలోకి పిలిస్తే ఆ యుద్ధం అన్యాయం, నేను చెయ్యను అన్నాడు. గురువులు, అంటే ఫాదర్లు, నచ్చచెప్పారు, బిషప్ గారే కూర్చోబెట్టి పెళ్ళాం పిల్లలున్నవాడివి, యుద్ధం న్యాయమా కాదా అన్న లెక్క నీది కాదు అన్నారు. వినలేదు. ఆ ఏడాది ఆగస్టు 9న తల తీశారు, 36 ఏళ్ళు. యుద్ధం అయిపోయాక కూడా ఊళ్ళో చాలామంది ఆయన్ని తప్పుపట్టారు, ఆయన భార్యకి 1950 దాకా పెన్షను కూడా ఇవ్వలేదు. 2007లో లింజ్ నగరంలో శ్రీసభ, అంటే కతోలిక చర్చి, ఆయన్ని ధన్యుడిగా (పునీతుడు అనే ముందు మెట్టు) ప్రకటించిన రోజు ఆవిడ 94 ఏళ్ళ వయసులో ముందు వరసలో కూర్చుంది.

నీ ఓటుకీ ఆయన ప్రాణానికీ పోలిక పెట్టట్లేదు బాబూ. నేను చెప్పదలచుకుంది ఇది, నేను చదివినంతలో ఆ మనిషి యుద్ధానికి వెళ్ళిన తన ఊరివాళ్ళని పాపులు అనలేదు. వాళ్ళ మనస్సాక్షికి నేను జడ్జిని కాదు, నా దానికి నేను జవాబు చెప్పాలి అన్నట్టే ఉన్నాడు. అంత గట్టిగా నిలబడ్డవాడు అంత మెత్తగా ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా ఇంట్లో సంగతి కూడా ఒకటి చెప్తా. మా నాన్న ఉపదేశి, అంటే ఫాదర్ లేనప్పుడు పేటలో ప్రార్థనలు నడిపేవాడు. 1983 జనవరి ఎలక్షన్లు, రామారావు గారు పార్టీ పెట్టి 9 నెలలు, ఊళ్ళన్నీ రెండుగా చీలిపోయి ఉన్నాయి, నేను ఇంటరు చదువుతున్నా. క్రిస్మస్ అయిన వారానికి ఒక రాత్రి నలుగురు పెద్దమనుషులు లాంతరు పట్టుకుని మా పేటకి వచ్చి మా నాన్న మంచం మీద కూర్చున్నారు. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అనవసరం. మా గుడికి అప్పట్లో గంట లేదు, వేపచెట్టు కొమ్మకి రైలు పట్టా ముక్క ఒకటి కట్టి ఇనప కమ్మీతో కొట్టేవాళ్ళం, ఆ చప్పుడికే జనం పూజకి వచ్చేది. వాళ్ళు కంచు గంట చేయించి ఇస్తాం, మీవాళ్ళందరికీ ఒక్క మాట చెప్పు చాలు అన్నారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "గంట పుచ్చుకుంటే అది మోగినప్పుడల్లా జనానికి దేవుడు గుర్తురాడయ్యా, మీరు గుర్తొస్తారు" అని లేచి నిలబడ్డాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంతవరకు అందరికీ బాగానే ఉంటది, తర్వాతది చెప్పకపోతే అబద్ధం అవుద్ది. పక్క పేటవాళ్ళు గుంపుగా కూర్చుని మాట్లాడుకుని రెండు చేతిపంపులు వేయించుకున్నారు. మా పేట ఆడవాళ్ళు ఇంకో నాలుగేళ్ళు చెరువు నీళ్ళే మోశారు, అందులో మా అమ్మ కూడా ఉంది, ఆమె భుజం మీద కావడి బద్ద మచ్చ ఆమె చనిపోయేదాకా పోలేదు. గంట వద్దన్నావు సరే, పంపు అడగొచ్చుగా అని అమ్మ అడిగిన ప్రశ్నకి నాన్న దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. భూమి లేని, పలుకుబడి లేని మనుషులకి ఓటు ఒక్కటే బేరం పెట్టగలిగిన వస్తువు, దాన్ని కలిసి వాడుకున్నవాళ్ళని నేను ఒక్క మాట అనలేను. మీ అన్నయ్య కూడా అలా ఆలోచించే మనిషే అయ్యుండొచ్చు, నువ్వు ఒక్కడివి పక్కకి వెళ్తే బేరం బలం తగ్గిపోద్దని.

ఇప్పుడు సత్ప్రసాదం సంగతి. మత్తయి సువార్త 5వ అధ్యాయం తీసి 23, 24 వచనాలు నిదానంగా చదువు. బలిపీఠం దగ్గర కానుక ఇవ్వబోతుంటే నీకు నీ అన్న మీద కోపం ఉందని గుర్తొస్తే అని లేదు, నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే వెళ్ళు అని ఉంది. కోపం ఆయనది, నడవాల్సింది నువ్వు. న్యాయంగా అనిపించదు, నాకూ మొదట అనిపించలేదు. కానీ ఆదివారం గుడిలో అందరి ముందు చెయ్యి చాపితే ఆయనకి అది పంతం లాగా కనపడుతుంది, మామూలు రోజు రాత్రి అన్నం వేళకి ఇంటికి వెళ్ళు. వదిన కంచం పెడుతుంది, కాదనదు. ఎలక్షన్ల మాట ఎత్తకు. నన్ను చదివించావు అన్నయ్యా అని ఒక్కసారి నోటితో చెప్పు, ఇన్నేళ్ళలో చెప్పి ఉండవు, మగపిల్లలు చెప్పరు. ఆ తర్వాత ఎప్పుడైనా నీకు దేనికి భయమేసింది అని అడుగు. వాదించకుండా విను. ఆయన అప్పటికీ మొహం తిప్పుకుంటే నువ్వు చెయ్యగలిగింది చేశావు, సత్ప్రసాదం మానెయ్యకు, పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి ఇదంతా చెప్పి వెళ్ళు.

ప్రశ్న: మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఫాదర్ గారు ఎలక్షన్ల ముందు ఆదివారం ప్రసంగంలో ఫలానా గుర్తుకే వెయ్యండి, వేరేదానికి వేస్తే క్రీస్తుని మోసం చేసినట్టే అన్నారు. నేను వెయ్యలేదు. గురువు మాట వినకపోవడం పాపం అవుతుందా అమ్మా? (ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి)

జవాబు: అవదు తల్లీ. ఆ మాట ఆయన చెప్పకుండా ఉండాల్సింది. శ్రీసభ చట్టం, అంటే 1983 కానన్ లా, 287వ నిబంధన గురువులు రాజకీయ పార్టీల్లో చురుగ్గా పాల్గొనకూడదంటుంది, ఏదైనా ప్రత్యేక అవసరం ఉందని పై అధికారులు అనుకుంటే తప్ప. దేశ చట్టం కూడా అంతే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద మతం పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి పని, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అదే తప్పు అని తేల్చింది. ఎలక్షన్ కోడ్ ఉన్నప్పుడు గుడి, మసీదు, చర్చి ఏదీ ప్రచార వేదిక కాకూడదు.

అలాగని గురువులు నోరు మూసుకుని ఉండాలని కాదు. పేదవాళ్ళ గురించి, కూలి గురించి, అబద్ధపు కేసుల గురించి, దళితుల మీద దాడుల గురించి పీఠం మీద నుంచి చెప్పాలి, చెప్పకపోతేనే తప్పు. 2024 మార్చి 22న మన బిషప్పుల సమాఖ్య ఎలక్షన్లకి ముందు దేశం కోసం ఉపవాస ప్రార్థన రోజు పెట్టింది, అందులో ఏ పార్టీ గుర్తూ లేదు. తేడా అక్కడుంది.

1870ల్లో ఇంగ్లండులో ఇదే గొడవ ఇంకోరకంగా వచ్చింది. కతోలికులు పోపు చెప్పినట్టు ఆడతారు, వీళ్ళు దేశానికి ఎలా నమ్మకంగా ఉంటారు అని అక్కడ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ రాస్తే, జాన్ హెన్రీ న్యూమన్ గురువు 1875లో జవాబు రాశాడు. భోజనాల తర్వాత మతం పేరుతో గ్లాసు ఎత్తమంటే పోపు గారి పేరు మీద ఎత్తుతాను, అయితే ముందు మనస్సాక్షికి, తర్వాత పోపు గారికి అని. ఈ మాట రాసినాయన్ని శ్రీసభ వెలివేయలేదు, నాలుగేళ్ళకి కార్డినల్‌ని చేసింది, 2019లో పునీతుడిగా ప్రకటించింది.

ఫాదర్ గారితో మాట్లాడు. పూజ అయ్యాక ఆయన వస్త్రాలు మార్చుకునే గదికి వెళ్ళి, ఒక్కదానివే, మర్యాదగా. ఆ ప్రసంగం వీడియో గ్రూపులో పెట్టకు. గురువులు కూడా భయపడతారు, వాళ్ళ మీద ఎవరి ఒత్తిడి ఉందో మనకి తెలీదు.

ప్రశ్న: నోటాకి వేస్తే పాపమా?

జవాబు: కాదు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కు అది. ఎవరినీ నమ్మలేక వేస్తే అర్థం చేసుకుంటాను, ఎండకి బద్ధకించి అసలు బూత్‌కే వెళ్ళకపోవడం మాత్రం నాకు నచ్చదు.

ప్రశ్న: పేరు రాయొద్దు. నేను గవర్నమెంటు ఉద్యోగిని. జ్ఞానస్నానం తీసుకున్న కతోలికురాలిని, సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ, ఎస్సీ అని ఉంది. నా చిన్నప్పుడు ఎంక్వైరీకి రెవెన్యూ వాళ్ళు వస్తారంటే మా అమ్మ గోడ మీద యేసు తిరుహృదయం పటం తీసి బియ్యం డ్రమ్ములో పెట్టేది. పటం తీసిన చోట గోడ మీద తెల్లగా చతురస్రం కనిపించేది, దానిమీద క్యాలెండర్ తగిలించేవాళ్ళం. ఇప్పుడు నా కూతురికి 17 ఏళ్ళు, దానికి సర్టిఫికెట్ తియ్యాలి. పార్టీలన్నీ మా గురించి కొట్టుకుంటున్నాయి, ఒకళ్ళు దొంగలంటారు, ఒకళ్ళు మా ఓట్లు కావాలంటారు. నేను ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం గట్టిగా చెప్తాను, సోమవారం ఆ కాగితం మీద ఉద్యోగం చేస్తాను. నేను అబద్ధంలో బతుకుతున్నానా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఆ తెల్ల చతురస్రం నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

చట్టం ఏంటో ముందు చెప్తా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అంది, 1956లో సిక్కులని కలిపారు, 1990లో బౌద్ధులని కలిపారు, మనల్ని కలపలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సి, వాళ్ళకి రిజర్వేషన్ ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టడం తీసెయ్యమంది, ఎవరూ తీయలేదు. 2022లో ఇదే విషయం చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రా అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో, నమ్మకం ఒకటి పెట్టుకుని రిజర్వేషన్ కోసం ఇంకొకటి చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా పాస్టరుగా చేస్తున్న ఒకాయన అట్రాసిటీ కేసులో మతం మారితే ఎస్సీ హోదా ఉండదనే చెప్పింది.

నా ఉద్దేశంలో ఆ ఉత్తర్వు అన్యాయం. జ్ఞానస్నానం నీళ్ళకి కులం పోదు, ఊళ్ళో మనల్ని చూసే చూపు మారదు. బయటివాళ్ళనేం అనాలి, 2016లో మన బిషప్పుల సమాఖ్యే దళితుల మీద వివక్ష శ్రీసభ లోపల కూడా ఉందని కాగితం మీద ఒప్పుకుంది. మన కర్నూలు బిషప్పుగా చేసిన పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయితే దళితుల్లోంచి మొదటి కార్డినల్ అని దేశమంతా రాశారు, అంత ఆలస్యంగా మొదటివారు అవ్వడంలోనే మన కథ ఉంది.

కానీ నువ్వు నన్ను చట్టం మంచిదా అని అడగలేదు, నేను అబద్ధంలో ఉన్నానా అని అడిగావు. మీ అమ్మ పటం దాచినప్పుడు నువ్వు పిల్లవి, అది నీ తప్పు కాదు. మీ అమ్మని కూడా నేను తప్పుపట్టను, హాస్టల్ సీటు, అన్నం, చదువు అన్నీ ఆ కాగితం మీదే వచ్చే రోజుల్లో ఒక తల్లి ఏం చేస్తుంది. దేవుడు ఆ బియ్యం డ్రమ్ములో కూడా ఉన్నాడనే నమ్ముతాను. అయితే పెద్దయ్యాక నువ్వు చేసిన సంతకాలు నీవే, అవి బరువుగా ఉన్నాయని నీ మనస్సాక్షే చెప్తుంది, కాదని నేను జోకొట్టలేను. చట్టం అన్యాయమైతే దానితో కొట్లాడాలి, కోర్టులో, రోడ్డు మీద, ఓటుతో. దాని ముందు యేసుని కాదనడం మాత్రం వేరు.

నీ కూతురిది ఇంకా మొదలవలేదు కదా. దాన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పు, 17 ఏళ్ళ పిల్లకి ఇది అర్థమవుతుంది, తన తరఫున నువ్వు నిర్ణయించకు. బీసీ-సి తీసుకుంటే ఏం పోతుందో లెక్క ముందు పెట్టు. మా ఇంట్లో మా తమ్ముడు అదే తీసుకున్నాడు, రెండు మార్కుల తేడాతో ఉద్యోగం పోయింది, ఏళ్ళ తరబడి ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఆ ఖర్చు చిన్నదని నేను చెప్పను. నీ ఉద్యోగం గురించి ముందు పాపసంకీర్తనంలో చెప్పుకో, అక్కడ చెప్పింది రహస్యం, ఆ ముద్ర ఏ గురువూ విప్పకూడదు, నీ ఆఫీసుకి గానీ ఎవరికి గానీ ఒక్క మాట పోదు. ఆ తర్వాత మంచి లాయర్‌ని కలువు. నీకు ఏం చెయ్యాలో నేను చెప్తే అది నా మనస్సాక్షి అవుతుంది, నీది కాదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నా, పటం ఈసారి ఎవరొచ్చినా గోడ మీద నుంచి తియ్యొద్దు.

ప్రశ్న: ఆంటీ, మేము డాలస్‌లో ఉంటాం. మా ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చి 2024లో మొదటిసారి ఓటు వేశాం. ఇక్కడ తెలుగు కతోలిక్ ప్రేయర్ గ్రూపులో కడుపులో బిడ్డని చంపే పార్టీకి వేస్తారా అని కొందరు, వలస వచ్చినవాళ్ళని తరిమే పార్టీకి వేస్తారా అని కొందరు, చివరికి మా గ్రూపు రెండు గ్రూపులైంది. మా ఆయన ఒకటి, నేను ఒకటి. ఇప్పుడు మా చర్చిలో స్పానిష్ పూజకి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు, భయంతో. ఎవరు కరెక్ట్?

జవాబు: అమ్మాయ్, ఇదే ప్రశ్న పోపు ఫ్రాన్సిస్ గారిని 2024 సెప్టెంబరు 13న సింగపూర్ నుంచి రోముకి వెళ్ళే విమానంలో విలేకరులు అడిగారు. వలసవాళ్ళని తరమడం, బిడ్డల్ని చంపడం రెండూ జీవితానికి వ్యతిరేకమే అన్నారు, ఓటు వెయ్యాలి, తక్కువ చెడుని ఎంచుకోవాలి అన్నారు, ఆ తక్కువ చెడు పోటీలో ఉన్న ఆవిడా, ఆయనా అంటే నాకు తెలీదు, ఎవరికి వాళ్ళు మనస్సాక్షితో ఆలోచించి చెయ్యాలి అన్నారు. పోపు గారే తెలీదన్నదాన్ని మీ ప్రేయర్ గ్రూపు అంత గట్టిగా ఎలా తేల్చేసిందో! ఇప్పుడున్న పోపు లియో గారు మీ షికాగోలో పుట్టినాయనే, 2025 సెప్టెంబరులో ఆయన కూడా అదే దారిలో చెప్పారు, అబార్షన్ తప్పంటూనే వలసవాళ్ళని మనుషుల్లా చూడకపోవడాన్ని ఒప్పుకుంటే అది జీవితం వైపు ఉన్నట్టో కాదో నాకు తెలీదు అని.

ప్రెసిడెంటు ఓటు నాలుగేళ్ళకి ఒకసారి. మిగతా రోజుల్లో మీ ఆయన బాధ కడుపులో బిడ్డ గురించైతే, ఒంటరిగా కడుపుతో ఉన్న అమ్మాయిలకి మీ విచారణలో ఎవరు సాయం చేస్తున్నారో చూసి ఇద్దరూ అక్కడికి వెళ్ళండి. నీ బాధ వలసవాళ్ళ గురించైతే, ఇద్దరూ ఒక ఆదివారం ఆ స్పానిష్ పూజకే వెళ్ళి ఖాళీ బెంచీల్లో కూర్చోండి. మీరు కూడా హెచ్1బి స్టాంపింగ్ రోజున ఎంబసీ బయట గుండెలు చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్ళే, ఆ భయం మీకు తెలుసు. ఒకరి బాధని ఒకరు పంచుకుంటే గ్రూపు కలుస్తుందో లేదో గానీ మీ ఇంట్లో మాత్రం అన్నం సయిస్తుంది.

ప్రశ్న: పూజలో విశ్వాసుల ప్రార్థనలో పాలకుల కోసం ప్రార్థించమన్నప్పుడు నా నోట మాట రాదు. వాళ్ళలో ఒకాయన మీద నాకు అంత కోపం. ఊరికే పెదాలు కదపడం వేషం కాదా?

జవాబు: పౌలు గారు తిమోతికి రాసిన మొదటి లేఖలో రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమన్నాడు. రోము చక్రవర్తుల కింద మనవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిన రోజులవి. మంచివాళ్ళు కాబట్టి ప్రార్థించమనలేదు. ఓటు వాళ్ళకి వ్యతిరేకంగా వేసుకో, ధర్నాకి వెళ్ళు, ప్రార్థన మాత్రం మానకు.

నాకూ ఒకాయన పేరు దగ్గర గొంతు పట్టేస్తుంది, ఎవరో చెప్పను. రాత్రి జపమాల అయ్యాక ఆయన కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్తాను, మొదట్లో పళ్ళు కొరుక్కుంటూ చెప్పేదాన్ని. మొన్న టీవీలో ఏదో మీటింగులో మెట్లు దిగుతూ ఆయన మోకాలు పట్టుకోవడం చూశాను, ఒక్క క్షణమే, పక్కనున్నాయన చెయ్యి అందించాడు. నాకూ అదే మోకాలు, ఎడమది. ఆ రాత్రి మా ఇద్దరి మోకాళ్ళ కోసం చెప్పాను.